గొంతు మనది, మీట ఎవరిది?

ఈ ఉగాదికి నందవరం వెళ్ళాను. నందవరం అనగానే ఎవరైనా బనగానపల్లె దగ్గరి చౌడేశ్వరీదేవి నందవరాన్నే తలుచుకుంటారు. మాది అది కాదు. ఎమ్మిగనూరు పక్కన, తుంగభద్రకి కుడివైపున్న మండలం నందవరం. ఎండ, పత్తి, మగ్గం తప్ప చెప్పుకోవడానికి పెద్ద స్థలపురాణం లేని ఊరు. అక్కడ మా అన్న కూతురు నాకొక వస్తువు చూపించింది. ఆ వస్తువు గురించీ, దాని చుట్టూ జరిగిన మాటల గురించీ, చివరికి నా గురించీ ఈ వ్యాసం.

చపాతీ పీటంత నల్లటి పలక. పైన పియానో మెట్లలాగే ఎత్తుపల్లాలున్నాయి గానీ మెట్లు విడివిడిగా లేవు. ఒకే మెత్తటి రబ్బరు పరుపులా ఉంది. పేరు సీబోర్డ్ అంది. రెండేళ్ళు పిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో ఎవరి దగ్గరో పాతది కొన్నది. దాన్ని ల్యాప్‌టాప్‌కి కలిపి వేలు పెట్టింది. స్వరం పలికింది. వేలు అదిమితే స్వరం గట్టిపడింది. పక్కకి జరిపితే జారింది. అక్కడే అటూ ఇటూ ఊపితే కంపించింది. "అత్తా, తోడిలో గాంధారం చూడు" అని వాయించింది. సంగీతం తెలిసినవాళ్ళకి చెప్పనక్కరలేదు, తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతూనే ఉంటుంది. మామూలు కీబోర్డు మీద అది పలకదు. ఇక్కడ పలికింది. పక్కన కూచున్న మా అమ్మ, ఎనభై దాటిన మనిషి, తనూ ఒక వేలు పెట్టి చూసి "మెత్తగుండాది పాపా, రొట్టెపిండి మాదిరి" అంది.

ఆ పిల్ల ఒక ఆర్కెస్ట్రాలో పాడుతుంది. జాతరలకీ పెళ్ళిళ్ళకీ తిరిగే బృందం. ఈ పలక తీసుకుపోయి వాయిస్తానంటే బృందం పెట్టినాయన "నువ్వు పాడు తల్లీ, కీబోర్డూ ప్యాడ్లూ పిల్లోళ్ళు చూసుకుంటారు" అన్నాడట. అంతకుముందు ఒక స్టూడియోలో భక్తి పాటల ఆల్బం చేశారు. అందులో నాలుగు పాటలకి తాళం, తంతి, వెనక వినిపించే నాదమంతా ఈ పిల్ల తన ల్యాప్‌టాప్ మీద రాత్రిళ్ళు కూచుని కట్టింది. ఆల్బం వచ్చాక చూస్తే 'ప్రోగ్రామింగ్' అన్నచోట ఇంకో అబ్బాయి పేరుంది. ఈమె పేరు 'కోరస్'లో ఉంది. అడిగితే, "నీ పేరు వేసినాం కదమ్మా" అన్నారట. నిజమే, వేశారు.

ఈ సంగతి నేను ఒక రచయిత్రుల సమావేశంలో చెప్పాను. చెప్పి, ఆడపిల్లలకి ఇలాంటి పరికరాలు అందేలా మనమేదైనా చెయ్యాలన్నాను. నేను గౌరవించే ఒక పెద్దావిడ లేచారు. "పాటని యంత్రానికి అప్పగించాక ఇంకేం మిగులుతుంది? మన అమ్మమ్మల విసుర్రాయి పాటల్లో శ్రమ సౌందర్యం ఉంది. ఈ మీటలు ఆ గొంతుని మింగేస్తాయి" అన్నారు. చప్పట్లు మోగాయి. నాకప్పుడు జవాబు తోచలేదు. ఇప్పుడు తోచింది, రాస్తున్నాను.

ఆర్కెస్ట్రా ఆయనా, మా పెద్దావిడా ఒకే మాట అన్నారు. నువ్వు పాడు, మీట ముట్టుకోకు. ఆయన అధికారంతో అన్నాడు, ఈమె అభిమానంతో అన్నారు. ఫలితం ఒక్కటే. స్త్రీ అంటే గొంతు. స్త్రీ అంటే సహజం. యంత్రం ఇంకెవరిదో.

విసుర్రాయి మాటే తీసుకుందాం. విసుర్రాయి యంత్రం కాదా? పిడి ఉంది, ఇరుసు ఉంది, పైరాయి తిరుగుతుంది. దాని పిడి ఆడవాళ్ళ చేతికిచ్చారు కాబట్టి అది మనకి యంత్రంలా కనపడదు, సంస్కృతిలా కనపడుతుంది. ఆ సమావేశంలో చప్పట్లు కొట్టిన మనమెవరం ఇంటికెళ్ళి విసుర్రాయి తిప్పలేదు. మిక్సీ మీట నొక్కాం. మా అమ్మ నలభై ఏళ్ళు మగ్గానికి కండెలు చుట్టింది. ఆ పాటల గురించి అడిగితే ఆమె అన్నది: "పాట కోసరం రాట్నం తిప్పితిమా? నిద్రొస్తాదని పాడితిమి." శ్రమ సౌందర్యం గురించి నేను చదివిన వ్యాసాలన్నింటికీ ఆ ఒక్క మాట జవాబు.

*

యంత్రం మంచిదా చెడ్డదా అన్నది నా ప్రశ్న కాదు. ఏ యంత్రమైనా ఒక చెయ్యిని ఊహించుకుని తయారవుతుంది. ఎవరి చెయ్యిని ఊహించుకుంది? ఆ చెయ్యి చేసే పనుల్లో దేన్ని లెక్కలోకి తీసుకుంది, దేన్ని వదిలేసింది? ఇది స్త్రీవాదులు అడగాల్సిన ప్రశ్నే. ఇంటిచాకిరీ విషయంలో మనం అడిగింది ఇదే కదా?

కంట్రోలర్ అనే వస్తువుకి సొంత గొంతు ఉండదు. చెయ్యి ఏం చేసిందో కంప్యూటర్‌కి చెప్పడమే దాని పని. ఆ చెప్పే భాష 1983లో స్థిరపడింది. దాని పేరు మిడి. అమెరికాలో సింథసైజర్లు చేసే డేవ్ స్మిత్, జపాన్‌లో రోలాండ్ కంపెనీ పెట్టిన ఇకుతారో కకెహషి దానికి ముఖ్యులు. వేరువేరు కంపెనీల వాద్యాలు ఒకదాని మాట ఇంకొకటి వినేలా చేసిన మంచి పని అది. నలభై ఏళ్ళు దాటినా నడుస్తోంది. కానీ ఆ భాషలో ఏముంది? ఏ మెట్టు నొక్కావు, ఎంత వేగంగా నొక్కావు, ఎప్పుడు వదిలావు. మెట్లకి 0 నుంచి 127 దాకా అంకెలు. నొక్కిన వేగానికి మళ్ళీ 0 నుంచి 127. అంటే అది ఊహించుకున్నది పియానో ముందు కూచున్న చెయ్యిని. స్వరాన్ని వంచడానికీ వీలు పెట్టారు గానీ, వంచితే ఆ వరుసలో మోగుతున్న స్వరాలన్నీ కలిసి వంగుతాయి. షడ్జం కదలకుండా గాంధారం ఒక్కటే ఊగాలంటే కుదరదు. ఇంట్లో ఒక్కరికి జ్వరమొస్తే అందరికీ మందు పోసినట్టు.

మన సంగీతమంతా రెండు స్వరాల మధ్య దారిలో ఉంది. వీణ మీద తీగని మెట్టు మీద పక్కకి లాగితే వచ్చేది అదే. ఆ దారిని 1983 భాష చెప్పలేకపోయింది. చెప్పలేనిదాన్ని సాఫ్ట్‌వేర్ 'అలంకారం' అంది. మధ్యలో ఉన్నదంతా అలంకారం, మెట్టు ఒక్కటే అసలు. ఈ తర్కం మనకి కొత్తదా? ఇంటి లెక్కల్లో సంపాదన అసలు, మిగిలినదంతా 'సాయం' అన్నవాళ్ళ తర్కం కాదా ఇది?

అలాగని దీన్ని తూర్పు, పడమర పోట్లాటగా చెయ్యడం కూడా తప్పే. మనవాళ్ళు ఆ పని ఒకసారి చేశారు. హార్మోనియం మెట్లు గమకం పలికించలేవని ఆలిండియా రేడియో 1940లో దాన్ని నిషేధించింది. 1971 దాకా సడలించలేదు. సంగీతపరంగా ఆ విమర్శలో నిజం ఉంది. కానీ ఆ ముప్ఫై ఏళ్ళూ మన పల్లెల్లో, పద్యనాటకాల్లో, భజన గుడుల్లో హార్మోనియమే మోగింది. నిషేధించినవాళ్ళు శుద్ధత గురించి మాట్లాడారు. హార్మోనియం ఎవరికి అందింది, వీణ ఎవరికి అందలేదు అని మాట్లాడలేదు. ఈరోజు కంప్యూటర్ సంగీతాన్ని చూసి ముక్కు విరిచేవాళ్ళలో నాకు ఆ పాత గొంతే వినిపిస్తుంది. పరికరంలో లోపముంటే దాన్ని మార్చమని అడగాలి. మన పిల్లల చేతుల్లోంచి తీసెయ్యమని కాదు.

మార్చమని అడిగినవాళ్ళు ఉన్నారు, మార్చారు కూడా. ఇల్లినాయిస్‌లో లిప్పోల్డ్ హాకెన్ కంటిన్యుయం అనే వాద్యం చేశాడు. మెట్లే లేని పొడవాటి మెత్తటి పట్టీ అది. 2009లో వచ్చిన 'ఢిల్లీ 6' సినిమాలో 'రెహ్నా తూ' పాటకి ఏ.ఆర్. రెహమాన్ వాయించింది దాన్నే. 2013లో లండన్ నుంచి సీబోర్డ్ వచ్చింది. డ్రమ్ మెషిన్లకి పేరుపడ్డ రోజర్ లిన్ 2014లో లిన్‌స్ట్రుమెంట్ తెచ్చాడు. ఇలాంటి వాద్యాలన్నింటికీ కలిపి 2018లో మిడి భాషకి ఒక కొత్త పద్ధతి చేర్చారు. ఒక్కో స్వరానికి ఒక్కో దారి విడిగా ఇచ్చారు. ఇప్పుడు షడ్జం నిలబడి ఉండగా గాంధారం ఊగుతుంది. 2020లో మిడికి రెండో రూపమే వచ్చింది. 128 అంకెల ఇరుకు పోయింది.

బాగుంది. కానీ ఈ వాద్యాల ప్రకటనలు ఎలా ఉంటాయో చూడండి. వేలి కింద స్వరం వంగడం చరిత్రలో మొదటిసారి జరిగినట్టు ఉంటాయి. ధరలు చూడండి. లిన్‌స్ట్రుమెంట్ ఇక్కడికి తెప్పించుకుంటే లక్ష దాటుతుంది. కంటిన్యుయం దానికి ఎన్నో రెట్లు. మా నందవరంలో పత్తి ఏరే మనిషి చెయ్యి దాన్ని ముట్టుకోవాలంటే ఎన్ని సీజన్లు ఏరాలి?

*

ఈ రంగంలో ఆడవాళ్ళు లేరా? ఉన్నారు. మన పత్రికల్లో వాళ్ళ ఊసు లేదు, అంతే.

1920 ప్రాంతంలో రష్యాలో థెరెమిన్ అనే వాద్యం పుట్టింది. ముట్టుకోకుండా గాల్లో చేతులాడించి వాయించాలి. అది తమాషా వస్తువుగా మిగిలిపోకుండా దానికి ఒక వేళ్ళ పద్ధతి కట్టి, కచేరీ వాద్యంగా నిలబెట్టింది క్లారా రాక్‌మోర్. చెయ్యి దెబ్బతిని వయొలిన్ వదులుకోవలసి వచ్చిన మనిషి ఆమె. వాద్యంలో ఇవి చాలవు, ఇవి మార్చమని తయారుచేసినవాడికి చెప్పి మార్పించుకుంది. పేరు మాత్రం వాద్యానికీ ఆయనకీ ఒకటే ఉంది.

1991లో లెటీషియా సోనామి ఒక కంట్రోలర్ చేసుకుంది. దేనితో? గిన్నెలు తోముకునేటప్పుడు తొడుక్కునే రబ్బరు తొడుగులతో. వేళ్ళ చివర సెన్సార్లు అంటించి, రెండో చేతికి అయస్కాంతం పెట్టింది. వేలు వంచితే, చెయ్యి దగ్గరకి తెస్తే శబ్దం మారేది. ఆ రోజుల్లో వర్చువల్ రియాలిటీ కోసం తయారయ్యే బరువైన మగ సరంజామాని చూసి పరిహాసంగా మొదలుపెట్టానని ఆమే చెప్పుకుంది. తర్వాత ఆ తొడుగుని మళ్ళీ మళ్ళీ మార్చి ఏళ్ళ తరబడి కచేరీలు చేసింది. 2010 తర్వాత ఇమోజెన్ హీప్ అనే బ్రిటిష్ గాయని తన బృందంతో మిము తొడుగులు తయారుచేసింది. వేదిక మీద ల్యాప్‌టాప్ వెనక దాక్కోకుండా, పాడుతూనే చేతి కదలికలతో తన గొంతుని తానే పొరలు పొరలుగా పేర్చుకోవడానికి. గొంతు తనదే, మీట కూడా తనదే.

మనకీ ఆ వరుస ఉంది. 1954లో 'చక్రపాణి' సినిమాకి సంగీత దర్శకత్వం చేసింది భానుమతి. ఆమె పాటలు మనకి గుర్తున్నాయి. స్వరకల్పన ఎంతమందికి గుర్తుంది? మృదంగం ఆడవాళ్ళది కాదనే లోకంలో నిడుమోలు సుమతి ఒక జీవితకాలం మృదంగం వాయించారు. 2021లో పద్మశ్రీ వచ్చింది. బెంగుళూరు నాగరత్నమ్మని 'రాధికా సాంత్వనం' ప్రచురించిన సాహసిగా మనం ఎన్నిసార్లు రాసుకున్నాం! తిరువయ్యారులో ఆడవాళ్ళు పాడే హక్కు కోసం ఆమె చేసిన పోరాటం గురించి ఎన్నిసార్లు రాశాం? అక్షరం పక్కన నిలబడ్డ స్త్రీనే మనం చూస్తాం. వాద్యం పక్కన నిలబడ్డ స్త్రీని చూడం. ఇది సాహిత్యకారుల గుడ్డితనం.

మగ్గం సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మా ప్రాంతంలో ఎమ్మిగనూరు నేతపని సహకార సంఘం 1938 నాటిది. మాచాని సోమప్ప పేరు అక్కడ ఇంటింటా తెలుసు. మగ్గానికి రెండు కాళ్ళూ రెండు చేతులూ కావాలి. ఏ పోగు లేవాలో కాలు చెప్తుంది, నాడె ఎటు పోవాలో చెయ్యి చెప్తుంది. ఫ్రాన్స్‌లో జాకార్డు 1804లో మగ్గానికి చిల్లుల అట్టలు తగిలించాడు. ఆ అట్టల ఆలోచనే గణిత యంత్రానికి తీసుకున్నారు. 1843లో ఆ యంత్రం గురించి రాస్తూ, స్వరాల మధ్య సంబంధాలని యంత్రానికి అర్థమయ్యే గుర్తుల్లో పెడితే అది సంగీతం కూడా కట్టగలదని ఊహించింది ఆడా లవ్‌లేస్ అనే స్త్రీ. అంటే కంప్యూటర్ సంగీతం అనే ఊహ మొదట రాసింది ఒక ఆడమనిషి, మగ్గం పోలికతో. యంత్రం మనకి పరాయిదని ఎవరు చెప్పారు? మా ఇంట్లో మగ్గం నాన్నది అనేవాళ్ళు. అమ్మ చుట్టిన కండె లేకపోతే నాడె ఒక్కసారి కూడా కదలదు. అయినా కూలి నాన్న చేతికే వచ్చేది, అమ్మది 'ఇంట్లో పని'.

*

ఇంతవరకూ ఇతరుల మీద రాశాను. ఇక నా మీద.

ఆదోని తాలూకా 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉండేది. గీత మారింది గానీ అలవాట్లు మారలేదు. బసివి ఆచారం మా వైపు బలంగా ఉండేది. ఆడపిల్లని దేవతకి ఇచ్చేవాళ్ళు. దళిత, బోయ కుటుంబాల పిల్లలే ఎక్కువ. 1988లో మన రాష్ట్రంలో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆ చట్టం కోసం కొట్లాడినవాళ్ళందరికీ మనం రుణపడి ఉన్నాం, అందులో నాకు రెండో మాట లేదు. ఎల్లమ్మ పాటలు పాడే ఆ స్త్రీల చేతిలో చౌడికె ఉండేది. కొయ్య గొట్టానికి ఒకవైపు తోలు. తోలు మధ్యలోంచి ఒక నరం తీగ. వాద్యాన్ని చంకలో పెట్టుకుని, ఎడమ చేత్తో తీగని బిగిస్తూ వదులుతూ, కుడి చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం లేస్తుంది, వదిలితే దిగుతుంది. మెట్లు లేవు. మధ్యలో ఉన్న దారే అంతా. కంటిన్యుయం ప్రకటనలో ఉన్నదేదో అందులో ఉంది. కొత్త సంగతేం కాదు. బళ్ళారి వైపు జోగతి మంజమ్మకి 2021లో పద్మశ్రీ వచ్చాక మనలో చాలామంది ఆ వాద్యం పేరు మొదటిసారి విన్నారు.

మా ఊళ్ళో ఒక అవ్వ ఉంది, చౌడికె వాయిస్తుంది. మాది నేతపని కులం, ఆమెది ఊరి అవతల వాడ. నాకు పదేళ్ళప్పుడు కూడా ఆమె నన్ను 'అమ్మా' అనేది, నేను ఆమెని 'నువ్వు' అనేదాన్ని. ఒకసారి చౌడికె ముట్టుకోబోతే చెయ్యి లాగేసింది. "ముట్టుకోవద్దమ్మా, ఇది అంటుకుంటాది" అంది. అప్పుడు కులం గురించి అందనుకున్నాను. ఆమె తన బతుకు గురించి అందని చాలా ఏళ్ళకి అర్థమైంది.

1998లో నా పరిశోధన కోసం టేప్ రికార్డర్ తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. 'మనకు తెలియని మన చరిత్ర' చదివి పెరిగిన తరం మాది. స్త్రీల మాటని వాళ్ళ నోటి నుంచే వినాలని ఆ పుస్తకం నుంచే నేర్చుకున్నాం. రెండు రోజులు ఆమె పాటలు రికార్డు చేశాను. పాటల్లో మాటలన్నీ రాసుకున్నాను. వ్యాసంలో 'ఒక బసివి పాడిన పాట' అని రాశాను. ఆమెకి ఒక చీర పెట్టాను. ఆ వ్యాసంతో నాకు ఉద్యోగంలో మెట్టు పెరిగింది. ఎడమ చెయ్యి ఏం చేస్తోందో ఒక్క వాక్యం కూడా రాసుకోలేదు. పాట అంటే మాటలే అనుకున్నాను. 1983లో ఆ భాష చేసిన ఇంజనీర్లు మధ్యలో దారిని వదిలేశారని ఇందాక ఆక్షేపించాను కదా? నేనూ వదిలేశాను. వాళ్ళు మెట్లు రాసుకున్నారు, నేను మాటలు రాసుకున్నాను.

ఈ ఉగాదికి మా మేనకోడలు ఇంకో వస్తువు కూడా చూపించింది. తను చేసింది. ప్లాస్టిక్ గొట్టం, అందులో ఒక స్ప్రింగు, తీగ, తీగ ఎంత సాగిందో కొలిచే చిన్న సెన్సార్, ఒక ఆర్డుయినో బోర్డు. ఇటలీలో 2005లో విద్యార్థుల కోసం పుట్టిన బోర్డు అది, ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దాని నకళ్ళు దొరుకుతాయి. తీగ లాగితే కంప్యూటర్‌లో స్వరం లేస్తుంది. చౌడికె చూసే చేశానంది. ఇద్దరం అవ్వ దగ్గరికి తీసుకుపోయాం.

అవ్వ చంకలో పెట్టుకుంది. లాగింది. శబ్దం ల్యాప్‌టాప్‌లోంచి వస్తుంటే ముందు అటు చూసి నవ్వింది. మళ్ళీ లాగింది. "ఇది ఎదురు లాగదే" అంది. "తీగ లాగితే తోలు నన్ను లాగాల. అప్పుడే యాడ ఆపాల్నో చెయ్యికి తెలుస్తాది. ఇది ఊరికే వస్తాంది."

నిజమైన వాద్యంలో శబ్దం పుట్టే వస్తువే చేతికి తిరిగి జవాబు చెప్తుంది. కంట్రోలర్‌లో చెయ్యి ఒకచోట, శబ్దం ఒకచోట. మధ్యలో ఉన్నది అంకెలు. ఎదురు లాగే గుణాన్ని మళ్ళీ తేవడం ఈ రంగంలో పెద్ద పెద్ద ప్రయోగశాలలు తలబద్దలు కొట్టుకుంటున్న పని. అవ్వ రెండుసార్లు లాగి ఆ లోపం చెప్పింది. మేనకోడలు కింద కూచుని నోటుబుక్కు తీసింది. ఎంత బిగువు కావాలి, ఎక్కడ నుంచి మొదలవ్వాలి, వేలు ఎక్కడ ఆనుతుంది అని అడగడం మొదలుపెట్టింది. 1998లో నేను అడగని ప్రశ్నలు అవి.

అవ్వ కాసేపు చెప్పి ఆగింది. "నేను సెప్పినట్ల సేస్తే నాకేమిస్తావు?" అంది.

నేను గబగబా, "అవ్వా, ఈసారి మీ పేరు రాస్తాం" అన్నాను. ఆమెని మొదటిసారి 'మీరు' అన్నాను. పశ్చాత్తాపమంతా ఆ మాటలో పెట్టాను. అవ్వ నన్ను చూసి చెయ్యి అడ్డంగా ఊపింది. "పేరెందుకమ్మా? పేరు రాస్తే మా మనవరాలికి సమ్మందాలు తప్పిపోతాయి. పేరు నీ కాడే పెట్టుకో. లెక్క ఇయ్యి." మా వైపు లెక్క అంటే డబ్బు.

అందుకే ఇక్కడ కూడా ఆమె పేరు లేదు. ఈసారి నేను మరిచిపోయి కాదు, ఆమె వద్దన్నది కాబట్టి. అనామక స్త్రీకి పేరివ్వడమే మన విముక్తి రాజకీయమని నేను పాతికేళ్ళు పాఠం చెప్పాను. పేరు ఎవరికి గౌరవమో, ఎవరికి మచ్చో ఆ పాఠంలో లేదు. ఆమె అడిగింది నైపుణ్యానికి కూలి. మేనకోడలు తడబడకుండా రోజుకి ఇంత అని ఒప్పుకుంది. ఎప్పుడైనా ఈ వస్తువు అమ్మితే వచ్చినదాంట్లో సగం అని కాగితం రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకుని ఒక ప్రతి అవ్వకే ఇచ్చింది. కాగితం మడిచి రొంటిన దోపుకుంటూ అవ్వ ఆ పిల్లతో అంది: "నువ్వు నేర్సుకో. ఇది అంటుకునేది కాదులే, బాటరీది."

నాకు చెయ్యి లాగేసిన మనిషి ఆ మాట అంది. దేవతకి ఇచ్చెయ్యకుండా ఒక ఆడపిల్ల ఆ తీగ లాగగలిగిన రోజు ఒకటుందని ఆమెకి తెలిసింది. యంత్రం గొంతుని మింగేస్తుందన్న మా పెద్దావిడకి నా జవాబు ఇదే. ఈ వాద్యాన్ని దాని సంకెల నుంచి విడదీసే ఒక దారి ఆ చవక బోర్డులో ఉంది. అయితే జాగ్రత్తగా ఉండకపోతే అదే దారిలో వాద్యం అవ్వ చేతిలోంచి కూడా పోతుంది. దేవదాసీల ఆట పై కులాల వేదికల మీదికి ఎలా వెళ్ళిందో మనకి తెలుసు. ఆచారాన్ని నిషేధించాం, కళని శుద్ధి చేసుకున్నాం, ఆ స్త్రీలని బయట నిలబెట్టాం. రేపు 'చౌడికె' అని ఒక ప్లగిన్ వస్తుంది. కొన్ని వేలు పెట్టి ఎక్కడో ఎవరో కొనుక్కుంటారు. అందులో ఎడమ చెయ్యి ఎవరిదో ఉండదు. అడ్డుకోవాలంటే యంత్రానికి దూరంగా కూచుంటే కుదరదు. దగ్గరికి వెళ్ళాలి.

అందుకే ఈ పత్రిక చదివే మిమ్మల్ని, రచయిత్రుల్ని, పాఠాలు చెప్పేవాళ్ళని, అడుగుతున్నాను. స్త్రీల పాటలు సేకరించేటప్పుడు మాటలతో పాటు చేతుల్ని కూడా రాయండి. ఏ వేలు ఎక్కడ ఆనింది, ఎంత బిగించింది, ఊపిరి ఎక్కడ తీసుకుంది. మీ దగ్గర పాత క్యాసెట్లుంటే వాటిల్లో పాడినవాళ్ళో వాళ్ళ పిల్లలో ఎక్కడున్నారో వెతకండి. పేరు కావాలో డబ్బు కావాలో వాళ్ళనే అడగండి. మీ కాలేజీలో స్త్రీ అధ్యయన విభాగానికి వచ్చే డబ్బులో ఒక సదస్సు భోజనాల ఖర్చు మిగిల్చి నాలుగు బోర్డులు, సెన్సార్లు కొనండి. లేడీస్ హాస్టల్లో తాళం లేని గదిలో పెట్టండి. ఆల్బమో సినిమానో చూసినప్పుడు గాయని పేరు దగ్గర ఆగకుండా ప్రోగ్రామింగ్ ఎవరిదో చదవండి. ఆడపేరు లేకపోతే ఎందుకు లేదని అడగండి.

మా మేనకోడలు ఆర్కెస్ట్రా మానేసింది. ఇంట్లో గొడవగా ఉంది. "పాడుకుంటే పోయేదానికి ఇదంతా ఎందుకు" అని మా అన్న కోపం. నేను బయల్దేరే రోజు పొద్దున లేచేసరికి ఆ పిల్ల గొట్టంలోంచి స్ప్రింగు పీకేసి, ఆదోనిలో వెతికి తెచ్చిన మేకతోలు బిగిస్తోంది. తోలు ఎదురు లాగాలి కదా. అమ్మ పక్కన కూచుని, కండెలు చుట్టిన చేతుల్తో, తీగని ఎలా ముడి వెయ్యాలో చూపిస్తోంది.